ఓబులమ్మ రోలు

రాజంపేట దగ్గరి పల్లె, శుక్రవారం

అత్తమ్మకు నమస్కారం. నేను బాగున్నాను, దిగులు పడొద్దు. వరదకు ఇక్కడి సెల్ టవర్ పడిపోయింది, అందుకే ఈ కార్డు, సాయం సామాన్లు తెచ్చిన లారీ ఆయనతో పంపుతున్నాను.

మా మహిళా సంఘం వాళ్లం ఎనిమిది మందిమి రోజూ ఇళ్లలోంచి ఇసుక తోడుతున్నాం. ఓబులమ్మ అనే ముసలామె ఇంట్లో నడుముల దాకా ఇసుకే. ఆమె బడిలో తలదాచుకుంటోంది. పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదట. నిన్న తవ్వుతుంటే ఆమె రోలు బయటపడింది. కబురు పంపగానే వచ్చి, రోలును కొంగుతో తుడిచి, "రోకలి యాడుండాదో చూడండమ్మా" అంది.

రోకలి దొరకలేదు. సాయంగా వచ్చిన శనక్కాయలు, మిరపకాయలు గుండ్రాయితోనే నూరి, అన్నంలో కలిపి మా అందరి చేతుల్లో ముద్దలు పెట్టింది. "పది దినాలు మీరూ వాళ్లూ పెడితే తింటి. ఈ పొద్దు నా చేతి ముద్ద తినండి" అంది. కారానికి కళ్లలో నీళ్లు తిరిగినా ఒక్కరూ వద్దనలేదు.

ఐదు రోజులకని వచ్చాను గానీ ఇంకా పదకొండు ఇళ్లు మిగిలాయి. మరో వారం ఉంటాను, కాదనకండి. సోమవారం వచ్చే లారీలో మన రెండో రోకలి పంపండి. కంది కోత మొదలైందా? శ్రావణి బడికి పేచీ పెట్టకుండా పోతోందా?

ఈ కార్డు చూసి ఓబులమ్మ ఒక మాట రాయమంది: "మీ అత్తను ఒకతూరి పిల్చుకరా. నా ఇంట్లో వండి పెడతా."

మీ కోడలు,
శివజ్యోతి