పనిమనిషికి రాసిన డైలాగు

మంగళవారం

మా అభిమాన సినిమా హీరో మీద నేను పేరు దాచుకుని రాస్తున్న ఫ్యాన్ ఫిక్షన్ కథని ఈరోజు కాలేజీ క్యాంటీన్‌లో నా ఫ్రెండ్ శ్రావ్య గట్టిగా చదివింది. రాసింది నేనని దానికీ తెలియదు. జూబ్లీ హిల్స్ బంగళాలో హీరో తల్లి, "భోంచేశావా నాన్నా?" అంటుంది. పనిమనిషేమో, "జర తిను బిడ్డా, గిట్ల ఎండిపోతున్నవేంది?" అంటుంది. పనిమనిషి మాటకి అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వించడానికే కదా అలా రాశాను, ఛీ.

రహమత్ నగర్ బస్తీలో మా ఇంటికొచ్చి ఫోన్‌లో రాసుకుంటుంటే అమ్మ కంచం తెచ్చింది.

"జర తిను బిడ్డా, గిట్ల ఎండిపోతున్నవేంది?"

ఫోన్ బోర్లా పెట్టి కంచం అందుకున్నాను.

"గంతసేపు ఏం రాస్తవే? నాక్కూడ జర చదివి ఇనిపియ్యరాదు."

రేపు చదువుతానన్నాను. పనిమనిషి మాట దగ్గర అమ్మ కూడా నవ్వితే...