పడవలో ఇద్దరు గైడ్లు

వదినా,

పరాయి దేశంలో తనని రేవులో వదిలేసి నేను పోయానని మీ తమ్ముడు ఫోన్ చేసి లబోదిబోమన్నారట. అసలు జరిగింది వినండి. పడవలో గైడు నోరు తెరిస్తే చాలు, "ఆవిడకేం తెలుసు, నేను చెబుతాగా" అని ఈయన అందుకునేవారు. ఓ పెద్ద భవనం చూపించి రాజుగారి కోటన్నారు, పిల్లల చేత దణ్ణం పెట్టించారు. తీరా అది జైలు! ఊచల వెనకనుంచి ఎవరో చెయ్యి కూడా ఊపారు.

తర్వాతి రేవులో, గైడు వద్దంటున్నా, ఫొటో కోసం దిగారు. పడవ కదిలింది. ఆయన ఒడ్డున చేతులూపుతుంటే పిల్లలూ నేనూ తిరిగి ఊపాం. ఆపించాలనే అనుకున్నాను వదినా, కానీ అప్పుడే మొదటిసారి గైడు మాట చెవిన పడింది.

హోటలుకి క్షేమంగానే చేరారు లెండి. తను చూడని సగం ఊరిని ఇప్పుడు మాకు వివరిస్తున్నారు.

మీ మరదలు