కుడి భుజం దిగిన చొక్కా

(రాసి, పోస్టు చేయని ఉత్తరం)

అక్కకు,

నేను రోజూ జమాఖర్చు రాసుకునేవాణ్ణి. అంతకు మించి రాసే అలవాటు లేదు. కనుక సంగతి సూటిగా రాస్తున్నాను. నన్ను పెంచిన అమ్మ పోయిన నెల కన్నుమూసింది. మంచం పట్టాక నన్ను దగ్గరికి పిలిచి, "నిన్ను నేను కనలేదురా. స్టేషను ఎదురుగా మేడమెట్ల కింద ఒక దర్జీ ఉండేవాడు. పురిట్లో ఆయన భార్య పోయింది. ఆయన దగ్గర్నుంచి నిన్ను తెచ్చుకున్నాం. నీకో అక్క కూడా ఉంది" అంది. ఆ దుకాణం ఇంకా ఉందనీ, కూతురే నడుపుతోందనీ వాకబు చేసి తెలుసుకున్నాను. ఆ కూతురివి నువ్వే అయి ఉండాలి. నేను మీకు గుర్తున్నానా? యాభై ఏడేళ్లు వచ్చాక ఈ మాట అడగడానికి సిగ్గుగా ఉంది. గుర్తు లేనంటే మాత్రం

(దాని బదులు పోస్టు చేసిన ఉత్తరం)

దర్జీ గారికి నమస్కారాలు.

నాకు ఒక తెల్ల చొక్కా కావాలి. కొలతలు నేనే తీసుకుని ఈ కాగితం వెనక రాశాను. తొందర లేదు.

ఇట్లు,
గొడుగులు బాగుచేసేవాడు

తా.క. మీ నాన్నగారు కులాసాగా ఉన్నారా? మీకు అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా? చొక్కాకి ఇదంతా అవసరం లేదనుకోండి.

*

గొడుగుల వారికి,

మీ కొలతలు చూసి మా దుకాణంలో అందరం నవ్వుకున్నాం. అందరం అంటే నేనూ, పక్క కొట్టు గుండీలామె. ఎడమ చెయ్యి కుడిచేతి కన్నా అంగుళం పొడుగు, కుడి భుజం అంగుళం కిందికి! ఈ చొక్కా మనిషికా, విరిగిన గొడుక్కా? టేపు పట్టడం తెలిసినవాళ్ల చేత మళ్లీ తీయించి పంపండి.

ఇట్లు,
దర్జీ

తా.క. నాన్నా, అన్నదమ్ములూ అంటూ ఆరా తీస్తున్నారు. ఈ మెట్ల కింది గది మీద కన్నేసిన బ్రోకరు తాలూకు మనిషైతే ఆ ఆశ వదులుకోండి. నేను ఖాళీ చేయను.

*

దర్జీ గారికి నమస్కారాలు.

నేను బ్రోకరు మనిషిని కాను. నాకు ఉన్న గదే చాలు. అందులో సగం గొడుగులే. ఈసారి కొలతలు మా ఆవిడ తీసింది. నన్ను తలుపుకి ఆనించి నిలబెట్టి, "కదలకండి, ఊపిరి బిగబట్టకండి" అంటూ తీసింది. మళ్లీ అవే వచ్చాయి. నేను పుట్టుకతోనే ఇంతట. ఇంతవరకు ఏ చొక్కా నా ఒంటిమీద తిన్నగా నిలవలేదు. కుట్టినవాళ్లందరూ తప్పు నాదే అన్నారు.

ఇట్లు,
గొడుగులవాడు

తా.క. మీకు అరవై దాటాయా? ఒంటరిగా ఉంటున్నారా? ఊరికే అడిగాను.

*

గొడుగుల పెద్దమనిషికి,

మీ ఉత్తరం గుండీలామె పైకి చదివింది. "ఒంటరిగా ఉంటున్నారా అట! ఓయమ్మో, ఇది చొక్కా బేరం కాదే, పెళ్లి బేరం!" అని బల్ల చరిచింది. అయ్యా, నాకు అరవై ఒకటి. మా ఆయన పోయి చాలా కాలమైంది. ఇద్దరు కోడళ్లతో వేగుతున్నాను, ఇంకో తలనొప్పి నాకొద్దు. మీ తా.క. మీ ఆవిడకి చూపించారా?

చొక్కా మాటకొస్తే, కొన్ని వివరాలు కావాలి. మీకు తుమ్ము వస్తే ఒకటితో ఆగుతుందా, వరసగా వస్తాయా? కాలరు బిగువు కోసం అడుగుతున్నాను. నిద్రలో ఏ పక్కకి తిరుగుతారు? కోపం వస్తే అరుస్తారా, చెవి లాక్కుంటారా? ఇది పై గుండీ కోసం.

ఇట్లు,
దర్జీ

తా.క. అన్నిటికీ జవాబు రావాలి. లేకపోతే కత్తెర పట్టను.

*

అమ్మా, దర్జీ గారూ,

మీ ఉత్తరం చదివి నాకు ముచ్చెమటలు పోశాయి. నా మనసులో అలాంటిదేమీ లేదు. ఉన్నది వేరే. అది చొక్కా వచ్చాక రాస్తాను.

తుమ్ములు వరసగా ఏడు. మా వీధి పిల్లలు బయట నిలబడి లెక్కపెడతారు. కుడిపక్కకి తిరిగి పడుకుంటాను. కోపం వస్తే అరవను, చెవి లాక్కుంటాను. ఈ సంగతి మీకెలా తట్టిందో! కుట్టుపని ఇంత లోతుకి వెళ్లిందని నాకు తెలియదు.

ఇట్లు,
గొడుగులవాడు

తా.క. (వేరే చేతిరాత) అమ్మా, నేను ఈయన భార్యని. మనిషి మంచివాడే. చెప్పాల్సిన మాట కడుపులో పెట్టుకుని చొక్కా చొక్కా అంటున్నాడు. రోజూ ఒక ఉత్తరం రాస్తాడు, చింపుతాడు. ఆ చొక్కా ఏదో పంపేయండి, మీకు పుణ్యముంటుంది.

*

గొడుగుల వారికి,

చొక్కా పార్సిలు చేశాను. తొడుక్కుని చూసి ఉన్నదున్నట్టు రాయండి.

ఇట్లు,
దర్జీ

తా.క. ఉన్నదున్నట్టు అంటే, అంతా.

*

దర్జీ గారికి నమస్కారాలు.

ఏమీ అనుకోకండి. మీరు పంపింది కొత్త చొక్కా కాదు. మడతల దగ్గర తెలుపు పసుప్పచ్చగా తిరిగింది. కలరా ఉండల వాసన వస్తోంది. కాలరు ఈ కాలానిది కాదు. పొట్ట దగ్గర రెండు పక్కలా కొత్త గుడ్డ అతికారు. ఎవరిదో పొరపాటున పంపారని తిరిగి పార్సిలు కట్టబోయాను. మా ఆవిడ, "ఒక్కసారి తొడిగితే ఏం పోయింది?" అంది.

తొడిగాను. భుజాలు సరిపోయాయి. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. కుడి చెయ్యీ అక్కడే ఆగింది. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఇన్నాళ్లకి తిన్నగా కనిపిస్తున్నారు" అంది.

ఈ చొక్కా ఎవరిది?

ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాస్తున్నాను. నేను మీ మెట్ల కింద పుట్టినవాణ్ణి. మీ తమ్ముణ్ణి అనుకుంటున్నాను. కాకపోతే మన్నించి, చొక్కా ఖరీదు చెప్పండి.

ఇట్లు,
ఏమని రాయాలో మీరే చెప్పాలి

తా.క. నేను చింపేలోగా పోస్టు చేసి వస్తానని మా ఆవిడ చెప్పులు వేసుకుని నిలబడింది.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఎంతసేపురా! రెండోసారీ అవే కొలతలు వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ భుజం నాన్నది. ఆయన చొక్కాలు ఆరేసీ, ఇస్త్రీ చేసీ, కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను. ఏడు తుమ్ములూ ఆయనవే. చెవి కూడా. అయినా పెంచినవాళ్లు నీకు చెప్పారో లేదో! చొక్కా కోసం వచ్చినవాడికి అక్కని అంటగట్టకూడదు కదా అని ఆగాను. గుండీలామె పెళ్లి గోల చేస్తే, పోనీ ఆ దెబ్బకైనా నోరు విప్పుతావేమోనని అదే రాశాను. నువ్వు విప్పితేగా!

నాకప్పుడు నాలుగేళ్లు. నువ్వు మిషను కింద గుడ్డపేలికల బుట్టలో పడుకునేవాడివి. మిషను ఆగితే ఏడ్చేవాడివి. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ నిన్ను చూడ్డానికి రావద్దని నాన్న దగ్గర మాట తీసుకున్నారు. ఆయన మాట తప్పలేదు. కాని కత్తెర దగ్గర ఎవరూ మాట తీసుకోలేదుగా! నువ్వు పెద్దవాడివై ఉంటావనుకున్న నాటినుంచి ఏటా ఒక తెల్ల చొక్కా తన కొలతలకే కత్తిరించి, కుట్టి పెట్టె అడుగున పెట్టేవాడు. "ఎవరికి నాన్నా?" అంటే, "ఉన్నాడులే ఒకడు. బుట్టలోనే కుడి భుజం దించి పడుకునేవాడు" అనేవాడు. మరుసటి ఏడు కొత్తది కత్తిరించి, పాతది తనే తొడుక్కునేవాడు. చివరి చొక్కా తొడుక్కోవడానికి ఆయన లేడు.

అదే నీ ఒంటిమీద ఉంది. నాన్న అంచనా ఒక్క పొట్ట దగ్గరే తప్పింది. అక్కడ అతుకు వేసింది నేను.

ఇట్లు,
నీ అక్క

తా.క. నాన్న గొడుగు ఇక్కడ మేకుకి వేలాడుతోంది. రెండు పుల్లలు విరిగాయి. పార్సిలులో పట్టదు. పనిముట్లు సర్దుకుని, మరదల్ని వెంటబెట్టుకుని రా. రాకుండా ఇంకో ఉత్తరం రాశావంటే, ఈసారి నీ చెవి లాగేది నేను.