నాలుగో కౌంటర్ అమ్మాయి అప్లికేషన్

మార్చి 4, సోమవారం

రెండు అప్లికేషన్లూ పంపేశాను. ఎమ్మే ఇంటర్నేషనల్ రిలేషన్స్. ఒకటి మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో, సాయంత్రం క్లాసులు. ఇంకోటి సముద్రం అవతల, స్కాలర్‌షిప్‌తో. అక్కకి మొదటిది ఇష్టం. నాకు రెండోది. బావకి ఏదీ ఇష్టం లేదు. సంబంధాలు చూస్తామంటే అంతర్జాతీయ సంబంధాలు చూసుకుంటోందని భోజనాల దగ్గర ఇప్పటికి పదిసార్లు అన్నాడు. పదిసార్లూ ఆయనే నవ్వాడు.

ఎందుకు చదవాలనుకుంటున్నానో అప్లికేషన్‌లో చాలా గొప్పగా రాశాను. ఇక్కడ నిజం రాసుకుంటాను. ఐదేళ్ళుగా వీసా సెంటర్‌లో నాలుగో కౌంటర్ నాది. ఫైలు తీసుకుంటాను, కాగితాలు సరిచూస్తాను, సీలు వేసి పైకి పంపిస్తాను. రెండు వారాలకి కవరు వస్తుంది. ఒకే ఇల్లు, ఒకే రకం ఉద్యోగం, అవే కాగితాలు ఉన్న అన్నదమ్ముల్లో ఒకడికి వీసా వస్తుంది, ఇంకొకడికి రాదు. రానివాడు నా మొహంలోకి చూస్తాడు. నాకేం తెలుసు, నా మొహం. ఆ నిర్ణయాలు ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏ లెక్కన చేస్తారో ఒక్కసారి అటువైపు నుంచి చూడాలి. అంతే.

మార్చి 19

పరువు పోయింది. ఇక్కడి యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. ప్రొఫెసర్‌గారు నా స్టేట్‌మెంట్‌లో ఆఖరి వాక్యం పైకి చదివారు. "కోర్సు పూర్తి కాగానే తప్పకుండా స్వదేశానికి తిరిగి వస్తాను." చదివి, మీది ఏ దేశమమ్మా అని అడిగారు. ఇక్కడేనండీ, రెండు స్టాపుల అవతల అన్నాను. పక్కనున్న ఇద్దరూ నవ్వాపుకోలేక నీళ్ళ గ్లాసులు అందుకున్నారు.

రోజుకి నలభై ఫైళ్ళలో ఆ వాక్యం ఉందా లేదా అని వెతికి వెతికి, చెయ్యి దానంతటదే రాసేసింది. ఆ మాటే చెప్పుకోవచ్చుగా! థాంక్స్ చెప్పి లేచి వచ్చేశాను. ఎక్కడిదో కాపీ కొట్టాననుకుని ఉంటారు.

మార్చి 20

ఎలా జరిగిందని అక్క అడిగింది. బాగానే జరిగిందన్నాను.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:10

ఇక్కడిది రాలేదు.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం 3:40

అక్కడిది వచ్చింది! స్కాలర్‌షిప్‌తో సహా! బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. సెప్టెంబర్ ఒకటిన క్లాసులు. మే ఇరవైలోగా సీటు ఖాయం చేసుకోవాలట. ఇంక ఎక్కడ అన్న గొడవే లేదు.

ఏప్రిల్ 10

మేనేజర్‌కి చెప్పాను. సంతోషించాడు, కూర్చోమన్నాడు, తర్వాత బీరువాలోంచి నా అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీశాడు. ఏడో పేజీ. మేం ఏ దేశానికి ఫైళ్ళు తీసుకుంటామో ఆ దేశం వీసాకి మేం అప్లై చెయ్యకూడదు. నాకు సీటొచ్చింది ఆ దేశంలోనే. ఉద్యోగం మానేసినా ఆరు నెలలు ఆగాలి. కింద నా సంతకం, చేరిన రోజు సంబరంగా పెట్టింది.

ఇవాళే మానేసినా అక్టోబర్ అవుతుంది. జనవరిలో ఒక్కమాట అడిగుంటే దారి చూపించేవాణ్ణి కదమ్మా అన్నాడు. నిజంగా బాధపడ్డాడు.

షరతులన్నీ చదివే సంతకం పెట్టారా అని రోజంతా జనాన్ని నిలదీసేది నేను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

ఏప్రిల్ 23

ఒక్క ఏడాది ఆగండని యూనివర్సిటీకి రాశాను. సీటు ఆగదట, స్కాలర్‌షిప్ ఆగదట. వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుంచి అప్లై చేసుకోవచ్చట. చాలా మర్యాదగా రాశారు.

మే 6

మిగిలింది ఒకటే. సీటు వచ్చేదాకా ఆగితే మళ్ళీ ఇదే కథ కాబట్టి ముందే మానేసి, ఇంట్లో కూర్చుని, వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించడం. వస్తుందో రాదో ఎవరు చెప్పాలి? రాజీనామా రాసి నాలుగు రోజులుగా బ్యాగులో మోస్తున్నాను. మేనేజర్ గది దాకా వెళ్తాను, స్టేప్లర్ పిన్నులు అడిగి వచ్చేస్తాను. నా డ్రాయర్‌లో ఇప్పుడు ఆరు డబ్బాల పిన్నులున్నాయి.

నువ్వే తేల్చవే అని అక్కని బతిమాలాను. బట్టలు మడతపెడుతూ వింది.

"మానెయ్యమని చెప్పను, మానొద్దనీ చెప్పను. ఏది చెప్పినా రేపు నన్నే తిట్టుకుంటావు," అంది.

బావ జోకు వెయ్యలేదు. కూర గిన్నె నా వైపు జరిపాడు. అది చూసి నాకింకా భయమేసింది.

మే 20, ఉదయం 11:30

ఇవాళే ఆఖరు. వాళ్ళ వెబ్‌సైట్‌లో రెండు బటన్లు. ఒప్పుకుంటున్నాను. వదులుకుంటున్నాను. ఒప్పుకుని వెళ్ళలేను. వదులుకుంటున్నానని నా వేలితో నేను నొక్కలేను. కౌంటర్ ముందు పదిహేనుమంది ఉన్నారు.

మే 20, సాయంత్రం 5:05

పేజీ మూసేశారు. రాజీనామా ఇవ్వలేదు. చింపలేదు కూడా.

మే 31

ఇవాళ ఒకమ్మాయి ఫైలు తెచ్చింది. అదే యూనివర్సిటీ, అదే కోర్సు, అదే స్కాలర్‌షిప్. వెయిటింగ్ లిస్ట్‌లో ఉంటే పోయిన వారం సీటొచ్చిందట. ఎవరో వదిలేసుకున్నారట. వాళ్ళకి ఇంకా మంచిచోట వచ్చుంటుందండీ అంది.

తప్పు దొరుకుతుందేమోనని ఆమె ఫైలు మూడుసార్లు తిరగేశాను. ఒక్కటీ దొరకలేదు.