కుట్టు దుకాణంలో నల్లబల్ల

ఖలీల్ భాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హుజూరాబాద్‌లో నీ కుట్టు దుకాణం గోడకున్న నల్లబల్ల మీద నీ చివరి రాత ఈ పొద్దుటిదాకా అలాగే ఉంది.

రోజూ పొద్దున ఒక ఇంగ్లీషు జాతీయం, దాని కింద తెలుగులో అర్థం, ఆ కింద మన వీధి మనుషులతోనే ఒక ఉదాహరణ రాసేవాడివి. సాయంత్రంలోగా దాన్ని మాటల్లో సరిగ్గా వాడినవాళ్లకు నీ తరఫున చాయ్.

ఆ రోజు రాసింది "అండర్ ద వెదర్". అర్థం, ఒంట్లో నలతగా ఉండటం. ఉదాహరణ, "ఇయ్యాల నేనే."

ఎదురు హోటల్ రాజయ్య అది చదివి, "నేను సుత అండర్ ద వెదరే భాయ్, నా చాయ్ నాకే తాపు" అన్నాడు. అందరం నవ్వాం, నువ్వు కూడా. ముప్పై ఏళ్లుగా ఊరందరినీ ప్రశ్నలడిగే విలేకరిని, నీకేమైందని అడగలేదు. చాయ్ తాగి కరీంనగర్ బస్సెక్కాను. తెల్లారేసరికి నువ్వు లేవు.

భాభీ ఏడాదిగా ఆ బల్లను ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇవాళ తనే తడిబట్ట నా చేతికిచ్చింది.

"చెరిపెయ్ భయ్యా. ఇంకెన్ని దినాలు బీమారుంటడు ఆయన?"

చెరిపాను. తర్వాత సుద్దముక్క ఇచ్చింది. "మిస్ ద బోట్" అని రాశాను. అర్థం, చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకోవడం. ఉదాహరణ దగ్గర కాసేపు ఆగి, "ఆ రోజు నేనే" అని రాశాను.

రాజయ్య వచ్చి చదివాడు. వెళ్లి నాకో చాయ్ తెచ్చాడు.