ముందు నడిచే మనిషి

హిదార్ 2, సోమవారం

ఇవాళ నా తలుపు ఎవరో కొట్టారు. ఈ కండోమినియంలో నాలుగో అంతస్తుకి వచ్చాక కరెంటు మీటరు చూసేవాడు తప్ప ఎవరూ కొట్టింది లేదు. పక్క ఫ్లాట్ తలుపేమో అనుకుని ఊరుకున్నాను. మళ్లీ కొట్టారు. తీస్తే మా బ్లాకు ఇద్దిర్ పెద్ద, అందరూ గౌరవంగా గాషే అనే తెఫెరా, ఆయన వెనక రెండో అంతస్తులో అందరూ ఎతియే, అంటే అక్కా, అని పిలిచే అస్కాలే.

ఇద్దిర్ అంటే చావు పనులు చూసే సంఘం. వాళ్లు గుమ్మంలోకి వచ్చారంటే ఎవరో పోయినట్టే. జిమ్మాలో ఉన్న అమ్మ, అన్నయ్య ఒక్కసారి కళ్ల ముందు మెదిలారు.

కబురు నీది కాదమ్మా, నీది కాదు, ముందు ఊపిరి తీసుకో, అని అస్కాలే నా చెయ్యి పట్టుకుంది.

పక్క ఫ్లాట్ అతని తల్లి వొల్దియాలో పోయిందట. నిన్ననే సమాధి కూడా చేసేశారట. బాబాయి కొడుకెవరో తెఫెరాకి ఫోన్ చేసి, ఒంటరిగా ఉంటాడు, అయినవాళ్లని తీసుకెళ్లి మెల్లగా చెప్పండి, ఫోనులో మాత్రం వద్దు అని బతిమాలాడట. ఎవరైనా అదే అడుగుతారు. చావు కబురు మనిషి ఒక్కడూ ఉన్నప్పుడు వినకూడదు. తెల్లారకముందే అయినవాళ్లు గుంపుగా రావాలి, చుట్టూ నిలబడాలి, అప్పుడు చెప్పాలి. పడిపోతే పట్టుకోవడానికి చేతులుండాలి కదా.

చిక్కల్లా అతనికి అయినవాళ్లెవరు అనేది. నన్నడిగారు. ఎవరొస్తుంటారు? తెలీదన్నాను. ఏం చేస్తాడు? తెలీదు. మంచివాడేనా? తెలీదు. మీ ఇద్దరికీ ఒకటే గోడమ్మా, అంది అస్కాలే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

హిదార్ 3, మంగళవారం

అతని పేరు దెజెనే.

హిదార్ 4, బుధవారం

షిఫ్ట్ అయ్యాక అస్కాలే ఇంట్లో మీటింగ్. తెఫెరా, అస్కాలే, మూడో అంతస్తు రిటైర్డ్ డ్రైవర్, నేను. నేనెందుకంటే గోడ నాది కాబట్టి.

ఉన్నవాళ్లం నలుగురం వెళ్లి చెప్పేద్దాం, పని అయిపోతుంది, అన్నాడు తెఫెరా. అస్కాలే ఇంతెత్తున లేచింది. ముక్కూ మొహం తెలియనివాళ్లం గుమ్మంలో నిలబడి మీ అమ్మ పోయిందంటే అది కబురా, కోర్టు నోటీసా? అయినవాళ్లు లేకపోతే మనమే అవ్వాలి.

ఎప్పటికి అవుతాం, ఈలోగా ఫేస్‌బుక్ చెప్పేస్తుంది, అన్నాడాయన.

అయితే తొందరగా అవుదాం, అందావిడ.

నాకు నవ్వొచ్చింది. తక్కినవాళ్లెవరూ నవ్వలేదు. అప్పుడర్థమైంది, ముసలాళ్లు నిజంగానే అంటున్నారని. ముక్కూ మొహం తెలియని మనిషికి కొద్దిరోజుల్లో చుట్టాలైపోవాలి, అతన్ని ఏడిపించడానికి. ఇలాంటి పని ఒకటి లోకంలో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ముందు ఈ పిల్ల నడవాలి, మాట ఈ పిల్లే చెప్పాలి, ఈడూ జోడూ, పక్కిల్లూ, అని అస్కాలే తేల్చేసింది. నా వల్ల కాదన్నాను. బ్యాంక్ కస్టమర్ కేర్‌లో పొద్దస్తమానం జనంతో మాట్లాడతావు కదే, అంది. హెడ్‌సెట్‌లో మాట్లాడటం వేరు ఎతియే, అన్నాను. వేరని నాకూ తెలుసు, అందుకే చెప్తున్నాను, అంది.

హిదార్ 5, గురువారం

కాఫీకి పిలవమని నన్నే పంపారు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అతను సగమే తీశాడు. సన్నగా ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏదో సర్వే ఆఫీసట, కంప్యూటర్ చూసి చూసి అలా అయ్యాయేమో అనుకున్నాను.

అస్కాలే గారు కాఫీ కాస్తున్నారు, మన అంతస్తు వాళ్లందరినీ రమ్మన్నారు, అన్నాను. మన అంతస్తులో ఉన్నది మనిద్దరమే కదండీ, అన్నాడు. అందుకే అందరినీ అన్నాను, అనేశాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. అతను నన్ను కాసేపు అలాగే చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని వచ్చాడు!

మొదటి కప్పు తాగుతూ గింజలు వేయించిన పొగకి అందరూ దగ్గారు, అంతే. రెండో కప్పుకి డ్రైవర్ ఫుట్‌బాల్ ఎత్తుకున్నాడు. మూడోది దీవెన కప్పు, అది తాగకుండా లేస్తే ఇంటివాళ్లని అవమానించినట్టే. అతను అదీ తాగాడు.

మెట్లెక్కుతూ, నా టీవీ మీకు గట్టిగా వినిపిస్తుందా అని అడిగాడు. వినిపిస్తుందన్నాను. తగ్గిస్తానన్నాడు. వద్దు, ఉండనీయండి, అన్నాను. ఆ టీవీ లేకపోతే నా ఇంట్లో చప్పుడే ఉండదని చెప్పలేదు.

హిదార్ 6, శుక్రవారం

ఇవాళ నీళ్లొచ్చాయి. దెజెనే నా డబ్బాలు కూడా నింపి తలుపు దగ్గర పెట్టాడు.

హిదార్ 8, ఆదివారం

ఘోరం జరిగింది. ఘోరం తప్పిపోయింది కూడా.

మళ్లీ కాఫీ. ఈసారి మెట్ల దాకా జనం. ఒకావిడ వేడివేడి దాబో రొట్టె తెచ్చింది, ఒకాయన వాళ్లావిడ కొలో గింజలు వేయించి పంపిందని పొట్లం తెచ్చాడు. అందరికీ విషయం తెలుసు, ఒక్కరి నోటా పొక్కలేదు. ఇంతమందిలో ఒక్కరికీ అతను ఏమీ కాడు. మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకునే మనుషులే కదా వీళ్లంతా! ఇంత ప్రేమ ఎక్కడ దాచుకున్నారు?

అస్కాలే మధ్యలో వచ్చింది. చర్చి వెనక వీధిలో ఎవరో పోతే చూసి, అట్నుంచటే వచ్చింది. ఆ తొందరలో ఒంటి మీది తెల్ల నెతెలా శాలువా సరిచేసుకోవడం మరిచిపోయింది. అంచు పైకి తిప్పి మెడ చుట్టూ కప్పుకునే ఉంది, చావింటికి వెళ్లినట్టుగా. గదంతా బిగుసుకుపోయింది. డ్రైవర్ కప్పు కింద పెట్టేశాడు. దెజెనే ఆ అంచు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, ఎతియే, నాకు ఇంకో కప్పు పొయ్యవా, అన్నాడు.

అందరం ఊపిరి వదిలాం. తర్వాత తనే వాళ్లమ్మ గురించి ఎత్తాడు. ఆవిడకి పాట రాదట, అయినా చర్చిలో అందరికంటే గట్టిగా పాడేదట, పూజారి బతిమాలినా తగ్గేది కాదట. అందరం పడీపడీ నవ్వాం. అస్కాలే వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

హిదార్ 10, మంగళవారం

రేపు తెల్లవారుజామున, అన్నాడు తెఫెరా. ఇక ఆగితే పాపం, అన్నాడు.

నాకు భయంగా ఉంది. సాయంత్రం మెట్ల మీద కలిసి నారింజలు తిన్నాం. నా ఆఫీసులో తిట్టే కస్టమర్ల గొంతులు అనుకరిస్తే నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాడు. ఈ ఊళ్లో నా మాటలకి నవ్విన మొదటి మనిషి. రేపు నా నోటితోనే అతని తల్లిని చంపాలి. ఆ తర్వాత నా మొహం చూసినప్పుడల్లా అతనికి ఏం గుర్తొస్తుంది?

హిదార్ 11, బుధవారం

రాసి తీరాలి.

చీకటితోనే దిగి చూశాను. నలుగురొస్తారనుకున్నాను. మెట్లన్నీ నిండిపోయాయి. నేనెప్పుడూ చూడని వాళ్లు, పక్క బ్లాకు వాళ్లు, సెక్యూరిటీ అతను, అందరూ తెల్లటి నెతెలాలు, అంచులు పైకి తిప్పుకుని, చెప్పుల చప్పుడు లేకుండా. ముందు నేను.

ఒక్కసారే కొట్టాను. వెంటనే తీశాడు. గాబీ దుప్పటి కప్పుకుని సిద్ధంగా ఉన్నాడు. నన్ను కాదు, నా వెనక చూశాడు. మెట్టు మెట్టూ చూశాడు, కింద కనిపించినంత దాకా. నేను నోరు తెరిచాను.

తెలుసు, అన్నాడు. సమాధి చేసిన ఆదివారమే ఫేస్‌బుక్‌లో చూశానన్నాడు.

మరి చెప్పవేంరా నాయనా, అని అస్కాలే గొల్లుమంది. ఎవరికి చెప్పను ఎతియే, అన్నాడు. ఒక్కణ్ణీ కూర్చుని ఏడుద్దామని చూశాడట, ఏడుపు రాలేదట. గురువారం నేను కాఫీకి పిలిచినప్పుడే ఎందుకో అర్థమైందట. మీరు అయినవాళ్లు అయ్యేదాకా ఆగుదామనుకున్నాను, అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, చెప్పు హిరుట్, నాకెవరూ ఇంకా చెప్పలేదు, అన్నాడు.

దెజెనే, మీ అమ్మ పోయింది, అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. మోకాళ్ల మీద కూలిపోతుంటే ఎన్ని చేతులో పట్టుకున్నాయి. మెట్ల మీద పై నుంచి కింది దాకా ఒకటే ఏడుపు. నేనూ ఏడ్చాను. జిమ్మా నుంచి వచ్చాక ఏడవడం అదే మొదలు. మనుషులు మనుషులకి ఇలా కూడా చెయ్యగలరా! దేవుడా, నేను ఇన్నాళ్లూ ఎవరి మధ్య ఉన్నాను?

హిదార్ 12, గురువారం

ఏటా ఊరంతా చెత్త తగలబెట్టే రోజు, కిటికీ తీస్తే పొగ. పరామర్శకి వచ్చేవాళ్ల కోసం కింద టెంట్ వేశారు. సెలవు కావాలని ఫోన్ చేస్తే, పోయినావిడ నీకు బంధువా అని అడిగాడు సూపర్‌వైజర్. అవునన్నాను.

హిదార్ 22, ఆదివారం

ఇద్దిర్‌లో చేరాను. నీకేదైనా కబురొస్తే ముందు ఎవరు నడవాలమ్మా, అని తెఫెరా అడిగాడు. వొల్దియా బస్సు దిగి అప్పుడే వచ్చి, సంచి ఇంకా భుజం మీదే ఉంచుకుని నా వెనక నిలబడ్డ దెజెనే, నేను, అన్నాడు.