జిగురుకు బొంగరం రాసిన జవాబులు

బొంగరానికి,
ఇక్కడ క్షేమం, అక్కడి సంగతి నువ్వు రాయాలి. కాలేజీ వాళ్ళు నన్ను కోచ్‌గా వేసుకున్నారు. పద్దెనిమిదేళ్ళు వికెట్ల వెనక గొంతుక్కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు గీత బయట నిలబడి అరుస్తున్నాను. పదమూడు మంది అమ్మాయిలు నా చేతికింద ఉన్నారు. నీ స్పిన్ పట్టీ పట్టీ విరిగిన వేళ్ళు కదా, అక్షరాలు వంకర పోతాయి. సర్దుకుని చదువు.
ఇరవై రెండు గజాల అవతల నుంచి,
జిగురు
తా.క. కుడి చిటికెన వేలు ఇప్పటికీ నువ్వు బంతి తిప్పిన వైపే చూస్తుంటుంది.

ఒరేయ్ జిగురూ,
భూతద్దం పెట్టి చదివాను. నిన్ను కోర్టులో వేశారని తెలిసి ముద్ద దిగలేదు. ఈ వయసులో ఇదేం ఖర్మరా? పైగా పదమూడు మంది అమ్మాయిలంటున్నావు. మీ ఆవిడకు తెలుసా? మా బావమరిది వకీలు. అతను వచ్చేదాకా నోరు విప్పకు.
నీ బొంగరం
తా.క. అప్పీలు చెయ్యి. నీకది అలవాటే.

బొంగరం మహాశయా,
కోర్టు కాదురా, కోచ్. ఇక్కడ నా బాధ వేరు. మా పిల్ల కీపరు బంతి తిరిగితే చాలు, కళ్ళు మూసుకుంటోంది. తెరువమ్మా అంటే, "మీ వేళ్ళు చూశాక ఎలా తెరవమంటారు సార్?" అంది. చేతులు జేబుల్లో దాచుకున్నాను. నీ మణికట్టు చూస్తే బంతి ఎటు పోతుందో నాకు ముందే తెలిసిపోయేది. అది ఈ పిల్లకు చూపిద్దామంటే ఇక్కడ నీలా మణికట్టుతో తిప్పేవాళ్ళే లేరు. మానేద్దామనుకుంటున్నాను.
జిగురు
తా.క. నీ ఉత్తరం మా ఆవిడ చదివింది. పదమూడు పేర్లూ రాసిమ్మంది.

జిగురూ,
ఆ పిల్ల కన్నుమూసిందని చదివి ఇంటిల్లిపాదీ రెండు నిమిషాలు మౌనం పాటించాం. పూలదండ పంపించాను.
దుఃఖంతో,
బొంగరం
తా.క. మన రోజుల్లో అంపైర్లే కళ్ళు మూసుకునేవారు.

ఒరేయ్,
పిల్ల నిక్షేపంలా ఉంది. నీ దండ మైదానానికే వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది ఆ పిల్లే. అందరూ పడీ పడీ నవ్వి, నా చుట్టూ కూర్చుని, "ఈ బొంగరం ఎవరు సార్?" అన్నారు. మొదలుపెట్టాను. పొద్దు గూకేదాకా ఆపలేదు. అన్నేళ్ళ ఆట నాకింకా బంతి బంతికీ గుర్తుందిరా.
జిగురు
తా.క. దండ మెళ్ళో వేసుకునే కీపింగ్ చేసింది. ఒక్క బంతి వదల్లేదు.

జిగురూ,
నీ రాత మొదటి ఉత్తరం నుంచీ నాకు శుభ్రంగా అర్థమవుతూనే ఉంది. కోచ్ అయ్యావని ఆ రోజే వీధంతా చెప్పుకొచ్చాను. శభాష్ అని రాస్తే ఆ ఒక్క ఉత్తరంతో సరిపెట్టేస్తావని భయం వేసింది. వికెట్ల వెనక కూర్చుని పద్దెనిమిదేళ్ళు నాతో వాగినవాడివి, ఆఖరి మ్యాచ్ అయ్యాక పదకొండేళ్ళు ఒక్క ముక్క రాయలేదు. అందుకే కావాలనే తప్పుగా చదివాను. ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. మొదటి ఓవరు మెల్లగా వేస్తానని ఆ అమ్మాయికి చెప్పు.
నీ బొంగరం
తా.క. నిన్న పెరట్లో ఒక బంతి తిప్పి చూశాను. తిరిగింది. అవతల పట్టేవాడు లేక, వెళ్ళి తెచ్చుకోవడానికే పావుగంట పట్టింది.